థైరాయిడ్ మాత్ర పెంచినకొద్దీ నీరసం ఎందుకు?

ఈసారి ఈ శీర్షికకు ఎంచుకున్న ప్రశ్నలన్నీ ఒకే చిక్కు చుట్టూ తిరిగేవి. థైరాయిడ్ లోపానికి మాత్రలు వాడుతూ, దానితోపాటు మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల సమస్య కూడా ఉన్నవారు, లేదా ఉందేమోనని అనుమానపడుతున్నవారు, మోతాదు మార్చినప్పుడల్లా తమకు ఎదురవుతున్న ఇబ్బందుల గురించి రాశారు. ఉత్తరాలను కుదించి, రాసినవారి వివరాలు తీసివేసి ప్రచురిస్తున్నాము. ఈ జవాబులు చదివి ఎవరూ తమంతట తాము మోతాదు మార్చుకోకుండా, వీటిని తమ వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లి మాట్లాడాలని మనవి.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 42 సంవత్సరాలు. ఏడు నెలల క్రితం టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే పిట్యూటరీ హార్మోన్; థైరాయిడ్ తగ్గితే ఇది పెరుగుతుంది) 9 ఉందని థైరాక్సిన్ 50 మైక్రోగ్రాముల మాత్ర మొదలుపెట్టారు. నీరసం తగ్గలేదని చెబితే 75కు, ఆ తర్వాత 100కు పెంచారు. పెంచిన ప్రతిసారీ రెండు మూడు వారాలకు నా పరిస్థితి ఇంకా దిగజారుతోంది. మంచం మీద నుంచి లేవగానే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. ఉదయం పూట వికారంగా ఉంటోంది. ఆకలి చచ్చిపోయి ఆరు కిలోల బరువు తగ్గాను. ఉప్పు మాత్రం విపరీతంగా తినాలనిపిస్తోంది. ముఖం, చేతులు నల్లబడ్డాయని ఇంట్లోవాళ్లు అంటున్నారు. ఇటీవలి రక్తపరీక్షలో సోడియం 129 ఉంది. ఇవన్నీ థైరాయిడ్ మాత్ర దుష్ప్రభావాలేనా? మాత్ర మానేయమంటారా?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముందు నా దృష్టి పడింది బరువు తగ్గడం మీద. థైరాయిడ్ లోపం ఉన్నవారు సాధారణంగా కొద్దిగానైనా బరువు పెరుగుతారు. మాత్ర మోతాదు ఎక్కువైతే బరువు తగ్గే మాట నిజమే గానీ, అప్పుడు చాలామందికి ఆకలి పెరుగుతుంది, చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. మీకు ఆకలి పోయింది, లేచి నిలబడితే రక్తపోటు పడిపోతున్నట్టుంది, సోడియం తగ్గింది, ఉప్పు మీదికి మనసు పోతోంది, చర్మం నల్లబడింది. ఇవన్నీ ఒకచోట చేరినప్పుడు అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్, ఆల్డోస్టిరోన్ అనే హార్మోన్లను తగినంత తయారు చేయడం లేదేమోనని అనుమానించి తీరాలి. ఈ జబ్బును 1855లో వర్ణించిన థామస్ ఆడిసన్ పేరు మీదే దీనిని ఆడిసన్స్ వ్యాధి అంటున్నారు. అద్దం ముందు నిలబడి మీ చిగుళ్లను, వెలుతురులో అరచేతి గీతలను, పాత గాయాల మచ్చలను ఒకసారి చూసుకోండి. ఎండకు కమిలిన చర్మంలో నలుపు ఈ చోట్లకు రాదు; కార్టిసాల్ లోపంలో మాత్రం వస్తుంది. కార్టిసాల్ చాలడం లేదని గుర్తించిన పిట్యూటరీ గ్రంథి (ఇది మెదడు అడుగున ఉంటుంది) అడ్రినల్ గ్రంథులను పనిచేయించే ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ను మితిమీరి విడుదల చేస్తుంది, అది చర్మంలోని వర్ణకణాలను కూడా రెచ్చగొడుతుంది.

ఇక థైరాయిడ్ మాత్ర పెంచినప్పుడల్లా మీరు ఎందుకు నీరసపడుతున్నారన్నది అసలు ప్రశ్న. ఒంట్లో కార్టిసాల్‌ను విరిచి బయటికి పంపే పని ప్రధానంగా కాలేయానిది. థైరాయిడ్ హార్మోన్ తక్కువగా ఉన్నప్పుడు ఆ పని నెమ్మదిస్తుంది కాబట్టి, అడ్రినల్ గ్రంథులు కొద్దిపాటి కార్టిసాల్ మాత్రమే తయారు చేస్తున్నా అది ఎక్కువసేపు నిలిచి, మనిషి ఎలాగో నెట్టుకొస్తాడు. థైరాక్సిన్ మొదలుపెట్టగానే కాలేయం చురుకవుతుంది, కార్టిసాల్ త్వరత్వరగా ఖర్చయిపోతుంది, అదే సమయంలో శరీరం మొత్తం వేగం పుంజుకుని కార్టిసాల్ అవసరమూ పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న అడ్రినల్ గ్రంథి ఇంకొంచెం తయారు చేసి ఆ లోటు పూడ్చేస్తుంది. దెబ్బతిన్న గ్రంథికి ఆ స్తోమత ఉండదు. వాన లేక అడుగంటుతున్న చెరువుకు తూము వెడల్పు చేసినట్టు అవుతుంది. అందువల్లనే అడ్రినల్ లోపానికి చికిత్స జరగకుండా థైరాక్సిన్ ఇవ్వరాదని ఆ మందు వాడుక పత్రంలోనే హెచ్చరిక ఉంటుంది. ముందు కార్టిసాల్ లోటును హైడ్రోకార్టిసోన్‌తో భర్తీ చేయాలి, థైరాక్సిన్ దాని తర్వాతే. ఈ వరుస తారుమారైతే అడ్రినల్ క్రైసిస్ అనే ప్రాణాంతక స్థితి రావచ్చు.

మరొక సంగతి కూడా ఉంది. దీనిని తొందరలో ఉన్న వైద్యులు సైతం మరచిపోతుంటారు. కార్టిసాల్ మామూలుగా టీఎస్‌హెచ్‌ను కొంత అదుపులో ఉంచుతుంది. ఆ కార్టిసాల్ కొరవడితే థైరాయిడ్ గ్రంథిలో ఏ జబ్బూ లేకపోయినా టీఎస్‌హెచ్ 4 నుంచి 10 మధ్యకు పెరగవచ్చు. అటువంటివారికి హైడ్రోకార్టిసోన్ సరిగ్గా ఇచ్చిన కొన్ని వారాల తర్వాత మళ్లీ పరీక్షిస్తే టీఎస్‌హెచ్ తనంతట తానే సర్దుకుంటుంది. మీకు మొదట కనిపించిన 9 ఆ కోవకు చెందినదేమో ఇప్పుడే చెప్పలేము. మీకు రెండు జబ్బులూ ఉండే అవకాశం కూడా లేకపోలేదు, ఎందుకంటే సొంత కణాల మీదే రోగనిరోధక శక్తి దాడి చేసే ఆటోఇమ్యూన్ జబ్బులు జంటగా రావడం మామూలే. అడ్రినల్, థైరాయిడ్ రెండూ దెబ్బతిన్న రోగులను 1926లో ష్మిట్ అనే వైద్యుడు వర్ణించాడు; ఆ జంటకు ఇప్పటికీ ఆయన పేరే వాడుతున్నారు. థైరాయిడ్ పెరాక్సిడేజ్ యాంటీబాడీలు, అడ్రినల్ యాంటీబాడీలు రెండింటినీ చూస్తే ఈ విషయం తేలుతుంది.

మీరు చేయవలసిన పనికి వస్తాను. మాత్రను ఇక ఎంతమాత్రం పెంచవద్దు. వచ్చే నెల అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా, నేడో రేపో వైద్యులను కలిసి ఉదయం 8 గంటల ప్రాంతంలో కార్టిసాల్, దానితోపాటు ఏసీటీహెచ్, సోడియం, పొటాషియం పరీక్షలు చేయించుకోండి. ఉదయపు కార్టిసాల్ డెసీలీటరుకు 3 మైక్రోగ్రాముల కన్నా తక్కువ ఉంటే అడ్రినల్ లోపం దాదాపు ఖాయమే. 18 దాటితే ఆ అనుమానం చాలావరకు తీరిపోతుంది. మధ్యలో ఉంటే 250 మైక్రోగ్రాముల ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి అరగంటకు, గంటకు కార్టిసాల్ ఎంత పెరిగిందో చూసే సినాక్టెన్ పరీక్ష అవసరమవుతుంది. మీరు గర్భనిరోధక మాత్రలు వాడుతున్నట్లయితే ఆ మాట ముందే చెప్పండి, వాటిలోని ఈస్ట్రోజెన్ వల్ల కార్టిసాల్ అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించి అందరినీ మోసం చేస్తుంది.

ఫలితం వచ్చేదాకా థైరాక్సిన్ తగ్గించాలా, తాత్కాలికంగా ఆపాలా అన్నది మిమ్మల్ని పరీక్షించిన వైద్యులు నిర్ణయించాలి. రక్తంలో ఉన్న థైరాక్సిన్ సగానికి తరగడానికే దాదాపు వారం రోజులు పడుతుంది కాబట్టి, కొద్ది రోజులు ఆపినంత మాత్రాన కొంపలు మునగవు. అయితే అదే కారణం వల్ల, ఈ రోజు ఆపితే రేపటికి మీ బాధ తగ్గదు కూడా. వాంతులు మొదలైనా, కడుపునొప్పి వచ్చినా, మగతగా ఉన్నా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లి, అడ్రినల్ లోపం అనుమానం ఉందని మొదటి మాటగా చెప్పండి. అటువంటి స్థితిలో రక్తం నమూనా తీసి పక్కన పెట్టి, ఫలితం కోసం ఆగకుండా 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్, సెలైన్ ఇస్తారు. అవసరం లేనివారికి ఆ ఒక్క ఇంజెక్షన్ ఇచ్చినా నష్టం ఉండదు, అవసరమైనవారికి ఇవ్వకపోతే ప్రాణం పోతుంది.

చిన్న ముచ్చట ఒకటి చెప్పి ముగిస్తాను. 1914లో థైరాక్సిన్‌ను శుద్ధరూపంలో మొదట వేరుచేసిన ఎడ్వర్డ్ కెండల్ అనే శాస్త్రవేత్తే తర్వాతి కాలంలో అడ్రినల్ హార్మోన్ల మీద కూడా పనిచేసి, కార్టిసోన్‌కు గాను 1950లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఒకే మనిషి చేతుల మీదుగా వచ్చిన ఈ రెండు మందులనూ ఒకదాని సంగతి ఒకటి పట్టనట్టు వేర్వేరు చీటీల మీద రాయడం ఈనాటికీ జరుగుతోంది.

ప్రశ్న: నాకు 35 ఏళ్లు. మూడేళ్లుగా ఆడిసన్స్ వ్యాధికి హైడ్రోకార్టిసోన్ ఉదయం 10, మధ్యాహ్నం 5 మిల్లీగ్రాములు, ఫ్లుడ్రోకార్టిసోన్ (ఒంట్లో ఉప్పును నిలిపే ఆల్డోస్టిరోన్‌కు బదులుగా) 100 మైక్రోగ్రాములు వాడుతున్నాను. థైరాయిడ్ లోపం కూడా ఉంది. ఐదు వారాల క్రితం థైరాక్సిన్‌ను 75 నుంచి 100కు పెంచారు. అప్పటి నుంచి గుండెదడ, నిద్రలేమి మొదలయ్యాయి. రోజూ సాయంత్రం నాలుగు గంటలకు ఒళ్లు కూలబడిపోతుంది. ఆ సమయంలో ఇంకో 5 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ వేసుకుంటే కాస్త తేరుకుంటున్నాను గానీ రాత్రి నిద్ర పూర్తిగా పోతోంది. థైరాక్సిన్ తగ్గించుకోవాలా, స్టెరాయిడ్ పెంచుకోవాలా?

జవాబు: మీ ప్రశ్నకు సగం జవాబు మీరు రాసిన గడియారంలోనే ఉంది. థైరాక్సిన్ రోజంతా ఇంచుమించు ఒకే స్థాయిలో పనిచేసే మందు. అది రోజూ నాలుగు గంటలకే మనిషిని కూలదోయదు. హైడ్రోకార్టిసోన్ అలా కాదు, గంటన్నర గడిచేసరికి రక్తంలో సగానికి తగ్గిపోతుంది. థైరాక్సిన్ పెరిగాక కార్టిసాల్ ఖర్చయ్యే వేగం కూడా పెరిగింది కాబట్టి, ఇదివరకు సాయంత్రం దాకా లాక్కొచ్చిన మధ్యాహ్నపు మాత్ర ఇప్పుడు నాలుగింటికే చేతులెత్తేస్తున్నదని నా అంచనా. ఈ స్థితిలో మొత్తం మోతాదు పెంచడం కన్నా దానిని మూడు భాగాలు చేసి, నిద్ర లేవగానే పెద్ద భాగం, మధ్యాహ్నం భోజనం వేళ ఒకటి, నాలుగు గంటల లోపు 2.5 మిల్లీగ్రాముల చిన్న భాగం వేసుకునేలా సర్దడం గురించి మీ వైద్యులతో మాట్లాడండి. రోజు మొత్తం మీద 15 నుంచి 25 మిల్లీగ్రాముల మధ్య చాలామందికి సరిపోతుంది. సాయంత్రం అదనంగా వేసుకునే 5 మిల్లీగ్రాములు నిద్రను చెడగొట్టడంలో వింతేమీ లేదు, ఆరోగ్యవంతుల ఒంట్లో కార్టిసాల్ అట్టడుగుకు చేరేది ఆ రాత్రి వేళలోనే.

గుండెదడ విషయం ఇంత తేలికగా తేలదు, ఎందుకంటే అది రెండు వైపుల నుంచీ రావచ్చు. థైరాక్సిన్ ఎక్కువైతే గుండె వేగం పెరుగుతుంది. ఒంట్లో ఉప్పు, నీరు చాలక రక్తపోటు పడిపోతున్నా, ఆ లోటు పూడ్చుకోవడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఒకదానికి మందు తగ్గించాలి, మరొకదానికి ఫ్లుడ్రోకార్టిసోన్ పెంచవలసి రావచ్చు. ఈ రెండింటినీ విడదీయడానికి ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటి ఉంది. వారం రోజుల పాటు, ఉదయం మాత్రలేవీ వేసుకోకముందు, ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకుని నాడి, రక్తపోటు చూసి రాసుకోండి. లేచి నిలబడి మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పడుకున్నప్పుడే నాడి 90, 100 దాకా ఉండి, చేతివేళ్లు సన్నగా వణుకుతూ, వేడి తట్టుకోలేకపోతుంటే థైరాక్సిన్ వైపు అనుమానించాలి. పడుకున్నప్పుడు నాడి మామూలుగా ఉండి, నిలబడగానే పై రక్తపోటు 20 లేదా అంతకన్నా ఎక్కువ పడిపోతూ నాడి పరుగందుకుంటే లోటు అడ్రినల్ వైపు ఉంది. ఆ కాగితం వైద్యులకు ఏ ఖరీదైన పరీక్షకూ తీసిపోదు.

టీఎస్‌హెచ్ పరీక్షకు మాత్రం ఇంకో వారం రెండు వారాలు ఆగండి. మోతాదు మారిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు గానీ ఆ అంకె నిలకడకు రాదు. ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా ఉన్న థైరాక్సిన్) కూడా చూస్తున్నట్లయితే ఆ రోజు థైరాక్సిన్ మాత్ర రక్తం ఇచ్చిన తర్వాతే వేసుకోండి, మాత్ర వేసుకున్న కొన్ని గంటల పాటు ఆ అంకె కొంత ఎక్కువగా కనిపిస్తుంది. హైడ్రోకార్టిసోన్‌ను మాత్రం పరీక్ష కోసం ఆపవద్దు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతున్నట్లయితే కనీసం రెండు రోజుల ముందు మానండి; కొన్ని ప్రయోగశాలల పద్ధతుల్లో అది టీఎస్‌హెచ్‌ను తప్పుగా తక్కువ చేసి, టీ4ను తప్పుగా ఎక్కువ చేసి చూపుతుంది, దానిని నమ్మి మోతాదు తగ్గించినవారు ఉన్నారు.

టీఎస్‌హెచ్ నిజంగానే తక్కువగా వస్తే మళ్లీ 75కు దిగిపోనక్కరలేదు. ఒక రోజు 75, మరుసటి రోజు 100 చొప్పున వేసుకుంటే సగటున 87.5 అవుతుంది, మందు ఒంట్లో వారాల తరబడి నిలుస్తుంది కాబట్టి ఈ ఎగుడుదిగుడును శరీరం పట్టించుకోదు. అడ్రినల్ జబ్బు ఉన్నవారికి 12.5 మైక్రోగ్రాముల మెట్టు 25 మెట్టు కన్నా హాయిగా ఉంటుందని నా అభిప్రాయం. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. థైరాక్సిన్ తగ్గించి, అదే వారం స్టెరాయిడ్ వేళలు మార్చి, కొత్తగా ఇనుము మాత్ర మొదలుపెడితే, తర్వాత వచ్చిన మంచికి గానీ చెడుకు గానీ కారణమేదో మీకూ తెలియదు, మీ వైద్యులకూ తెలియదు.

ఇనుము మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. థైరాక్సిన్‌ను పరగడుపున మంచినీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకుండా ఉండాలి. కాల్షియం, ఇనుము మాత్రలకు దానికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. కాఫీ కూడా ఆ గంట ఆగాలి. హైడ్రోకార్టిసోన్ ఈ అడ్డుపడే జాబితాలో లేదు, లేవగానే రెండూ కలిపి వేసుకోవచ్చు. కడుపులో మంటగా ఉంటే మాత్రం హైడ్రోకార్టిసోన్‌ను కాస్త ఆహారంతో తీసుకోండి.

ప్రశ్న: కీళ్లనొప్పులకు రెండేళ్లు ప్రెడ్నిసొలోన్ 10 మిల్లీగ్రాములు వాడి, నొప్పులు తగ్గాయని నెల క్రితం నా అంతట నేనే ఆపేశాను. ఇప్పుడు అడుగు తీసి అడుగు వేయలేకపోతున్నాను. పరీక్షలో టీఎస్‌హెచ్ సాధారణంగానే ఉంది, టీ3 (టీ4, అంటే థైరాక్సిన్ నుంచి తయారయ్యే మరో థైరాయిడ్ హార్మోన్) కొద్దిగా తగ్గింది. థైరాయిడ్ మాత్ర వాడితే బలం వస్తుందా?

జవాబు: రాదు సరికదా, మీకు అది హాని చేయవచ్చు. బయటి నుంచి రోజూ స్టెరాయిడ్ అందుతుంటే పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ పంపడం మానేస్తుంది, పనిలేక అడ్రినల్ గ్రంథులు కుంచించుకుపోతాయి. మూడు నాలుగు వారాలకు మించి రోజుకు 5 మిల్లీగ్రాముల పైన ప్రెడ్నిసొలోన్ వాడిన ఎవరికైనా ఈ ప్రమాదం ఉంటుంది. మందు హఠాత్తుగా ఆపినప్పుడు ఆ గ్రంథులు మేల్కోవడానికి నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా పడుతుంది. మీ టీ3 తగ్గడం థైరాయిడ్ జబ్బు కాదు, ఒంట్లో ఇంకేదైనా అస్వస్థత ఉన్నప్పుడు టీ4 నుంచి టీ3 తయారుకావడం తగ్గుతుంది. వెంటనే వైద్యులను కలిసి, ఉదయపు కార్టిసాల్ చూపించుకుని, వారు చెప్పిన మోతాదులో స్టెరాయిడ్ మళ్లీ మొదలుపెట్టి, ఈసారి వారాలు, నెలల మీద మెట్లు మెట్లుగా దిగండి. ఉబ్బసానికి పీల్చే స్టెరాయిడ్ మందులు ఎక్కువ మోతాదులో వాడినా, కీళ్లలోకి పదే పదే ఇంజెక్షన్లు తీసుకున్నా, పేరు లేని పొట్లాల్లో ఇచ్చే నొప్పి పొడులు మింగినా ఇదే పరిస్థితి రావచ్చు. ఆ పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండటం తరచుగా బయటపడుతూనే ఉంది.

ప్రశ్న: థైరాయిడ్ మాత్ర నాకు పడకపోవడానికి కారణం అడ్రినల్ ఫెటీగ్ అని ఒకరు చెప్పి, రోజుకు నాలుగుసార్లు లాలాజలం తీసి కార్టిసాల్ పరీక్ష చేయించారు. అడ్రినల్ గ్రంథులకు బలం ఇచ్చే మాత్రలు, టీ4 బదులు జంతువుల థైరాయిడ్ పొడి వాడమంటున్నారు. మీ అభిప్రాయం ఏమిటి?

జవాబు: ఒత్తిడి వల్ల అడ్రినల్ గ్రంథులు అలసిపోతాయన్న ఈ మాటకు శాస్త్రీయ ఆధారం లేదు, హార్మోన్ వైద్యుల సంఘాలు దీనిని జబ్బుగా గుర్తించలేదు. మీ బాధ నిజం కాదని నేను అనడం లేదు. దానికి పెట్టిన పేరు తప్పు అంటున్నాను, ఆ పేరు వల్ల రక్తహీనత, నిద్రలో శ్వాస ఆగడం, మానసిక కుంగుబాటు వంటి అసలు కారణాలు, ఒక్కోసారి నిజమైన అడ్రినల్ లోపం కూడా, మరుగున పడిపోతాయి. లాలాజల పరీక్షలో రోజంతటి కార్టిసాల్ హెచ్చుతగ్గులను బట్టి అడ్రినల్ లోపం నిర్ధారించరు. అనుమానం ఉంటే పైన చెప్పిన ఉదయపు రక్తపరీక్షే చేయించాలి.

బలం మాత్రల గురించి జాగ్రత్త. అడ్రినల్ గ్రంథికి మద్దతు పేరుతో అమెరికాలో అమ్ముతున్న 12 రకాల మాత్రలను పరీక్షించి 2018లో ప్రకటించిన ఫలితాల్లో, అన్నింటిలోనూ టీ3 కనిపించింది, చాలావాటిలో ఏదో ఒక స్టెరాయిడ్ హార్మోన్ కూడా ఉంది. ఇటువంటివి వేసుకున్నవారికి మొదట్లో హుషారు రావడం, ఆ తర్వాత గుండెదడ రావడం, పరీక్షల్లో అంకెలు అర్థం కాకుండా పోవడం సహజం. ఇప్పటికే కొన్నాళ్లుగా వాడుతున్నట్లయితే ఒక్కసారిగా ఆపకుండా, డబ్బాతో సహా వైద్యులకు చూపించండి.

జంతువుల థైరాయిడ్ పొడి విషయానికి వస్తే, అది ఈ చికిత్సకు పుట్టినిల్లే. 1891లో జార్జ్ మరే అనే వైద్యుడు గొర్రె థైరాయిడ్ రసాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి బాగుచేసిన రోగి ఆ తర్వాత 28 సంవత్సరాలు బతికింది. అయితే మనిషి థైరాయిడ్ విడుదల చేసే టీ4, టీ3ల నిష్పత్తి దాదాపు 14కు 1 ఉంటే, పంది థైరాయిడ్ పొడిలో అది 4కు 1 దగ్గర ఉంటుంది; 60 మిల్లీగ్రాముల మాత్రలో సుమారు 38 మైక్రోగ్రాముల టీ4, 9 మైక్రోగ్రాముల టీ3 ఉంటాయి. టీ3 వేసుకున్న రెండు నుంచి నాలుగు గంటల్లో రక్తంలో శిఖరానికి చేరి, త్వరగానే తగ్గుతుంది. థైరాక్సినే పడటం లేదన్నవారికి ఇంత దూకుడు మందు ఇవ్వడం నాకు సబబుగా తోచదు. నిజమైన అడ్రినల్ లోపం బయటపడకుండా ఉన్నవారిలో ఇది థైరాక్సిన్ కన్నా త్వరగా ముంచుతుంది.

ప్రశ్న: మా అక్కకు ఆరేళ్ల క్రితం కాన్పులో విపరీతంగా రక్తం పోయింది. బిడ్డకు పాలు పడలేదు, నెలసరి మళ్లీ రాలేదు. ఎప్పుడూ చలి, నీరసం. టీఎస్‌హెచ్ 2.4 ఉందని ఇన్నాళ్లూ థైరాయిడ్ బాగానే ఉందన్నారు. ఈమధ్య ఫ్రీ టీ4 తక్కువ ఉందని థైరాక్సిన్ 50 ఇచ్చారు. పది రోజులకే వాంతులు మొదలయ్యాయి.

జవాబు: మీ అక్కగారిని ఈ పత్రిక మూసి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి, తక్కినది తర్వాత చదువుకోవచ్చు. కాన్పు సమయంలో పెరిగి ఉండే పిట్యూటరీ గ్రంథి, రక్తస్రావంతో రక్తపోటు పడిపోయినప్పుడు రక్తం అందక దెబ్బతింటుంది. 1937లో హెరాల్డ్ షీహాన్ దీనిని వివరించాడు కాబట్టి షీహాన్స్ సిండ్రోమ్ అంటారు. మీరు రాసిన పాలు పడకపోవడం, నెలసరి ఆగిపోవడం దాని తొలి గుర్తులు. టీఎస్‌హెచ్‌ను తయారు చేసే గ్రంథే దెబ్బతిన్నప్పుడు ఆ అంకె సాధారణంగా ఉందని ధైర్యపడటం పొరపాటు. ఫ్రీ టీ4 తగ్గినా టీఎస్‌హెచ్ పెరగకపోవడమే ఇక్కడ జబ్బు. ఆ గ్రంథే ఏసీటీహెచ్‌ను కూడా పంపాలి, కాబట్టి కార్టిసాల్ కూడా తక్కువై ఉండవచ్చు, అటువంటప్పుడు హైడ్రోకార్టిసోన్ కన్నా ముందే థైరాక్సిన్ పడింది. ఏసీటీహెచ్ ఉండదు కాబట్టి చర్మం నల్లబడదు, పైగా పాలిపోతుంది. ఆల్డోస్టిరోన్ మూత్రపిండాల అదుపులో నడుస్తుంది కాబట్టి పొటాషియం పెరగదు, ఫ్లుడ్రోకార్టిసోన్ అవసరం పడదు. ఈ తేడాల వల్లనే ఇది ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండిపోతుంది. హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టి కొద్ది రోజులు గడిచాక థైరాక్సిన్ తిరిగి ఇస్తారు. ఆ తర్వాత మోతాదు నిర్ణయానికి టీఎస్‌హెచ్‌ను పక్కన పెట్టి, ఫ్రీ టీ4 సాధారణ పరిధిలో పైసగంలో ఉండేలా చూస్తారు. భవిష్యత్తులో ఎవరైనా టీఎస్‌హెచ్ మరీ తక్కువగా ఉందని థైరాక్సిన్ తగ్గించబోతే, ఈ జబ్బు పేరు చెప్పి ఆపవలసిన బాధ్యత మీ ఇంటివాళ్లదే.

ప్రశ్న: హైడ్రోకార్టిసోన్, థైరాక్సిన్ రెండూ వాడుతున్నాను. మాత్ర మరచిపోతే ఏం చేయాలి? జ్వరం వస్తే రెండూ పెంచాలా?

జవాబు: థైరాక్సిన్ ఒక రోజు మరచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, లేదా మరుసటి రోజు మామూలుగా కొనసాగించండి, ఏమీ కాదు. హైడ్రోకార్టిసోన్‌కు ఒంట్లో నిల్వ ఉండదు, గుర్తురాగానే వేసుకోవాలి. జ్వరంలో థైరాక్సిన్ జోలికి వెళ్లవద్దు. హైడ్రోకార్టిసోన్ మాత్రం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే రెండింతలు, 39 దాటితే మూడింతలు చేసి, జ్వరం తగ్గిన ఒకటి రెండు రోజులకు పాత మోతాదుకు రండి. వాంతుల వల్ల మాత్ర నిలవకపోతే 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్‌ను కండలోకి ఇంజెక్షన్‌గా తీసుకుని ఆసుపత్రికి బయలుదేరాలి. క్షయకు రిఫాంపిసిన్ గానీ, మూర్ఛకు ఫెనిటాయిన్, కార్బమజెపైన్ గానీ కొత్తగా మొదలుపెడితే ఈ రెండు హార్మోన్లూ త్వరగా ఖర్చవుతాయి, అప్పుడు మాత్రం రెండింటి మోతాదూ సమీక్షించాలి. ఇంజెక్షన్ పెట్టెలో మందు గడువు తేదీ, సూది, సిరంజి ఉన్నాయో లేదో ఈ రోజే చూసుకోండి, దానిని ఎలా వేయాలో ఇంట్లో కనీసం ఇద్దరికి నేర్పించండి. అవసరం పడిన వేళకు వేసుకునే స్థితిలో మీరు ఉండకపోవచ్చు.